ఎండిన సందులో గుడ్డి కొంగ

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆరోగ్య కార్యకర్తలకు నాలుగు మంచి మాటలు చెప్పమని ఈ మధ్య నన్ను పిలిచారు. శాలువా కప్పారు, మైకు చేతికిచ్చారు. నేను గొంతు సవరించుకుని, వేసవిలో గుడ్డి కొంగ వీపు రంగు ఎట్లా మారుతుందో చెప్పడం మొదలుపెట్టాను. ముందు వరుసలో ఒకమ్మాయి పెన్నుకు మూత పెట్టేసింది. వెనక ఎవరో "ఈ సారుది ఏ డిపార్టుమెంటప్పా?" అని పక్కవాణ్ణి అడగడం నాకు బాగా వినిపించింది. నేను కొంగ కాళ్ల దగ్గరికి వచ్చేసరికి టీ వేళ అయిందని చెప్పి మర్యాదగా కిందికి దించారు.

అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు ఎట్లా తెచ్చుకోవాలో నాకు తెలియదు. నాకొచ్చినవి తెల్లవెంట్రుకలు వచ్చినట్టే నా ప్రమేయం లేకుండా వచ్చాయి. రిపోర్టులు రాయడం మీకు ఫోనులోనే వచ్చు. నేను చెప్పగలిగిందల్లా ఎక్కడెక్కడ బోర్లాపడ్డానో అది మాత్రమే.

ఆదోనిలో పుట్టాను. మలేరియా విభాగంలో చేరి, భుజాన సంచి తగిలించుకుని ఇంటింటికీ తిరిగి, జ్వరమొచ్చినవాళ్ల వేలు పొడిచి రక్తపు చుక్క గాజుపలక మీదికి తీసి, గోడ మీద తేదీ రాసి వచ్చేవాణ్ణి. తర్వాత హెల్త్ సూపర్‌వైజర్నయ్యాను. ఆదోని, ఎమ్మిగనూరు, నందవరం, తుగ్గలి వైపు నేనెక్కని ఆటో లేదు, తాగని నీళ్లు లేవు. జనం నీళ్ల తొట్లలోకి, కుండల్లోకి, అప్పుడప్పుడు వాళ్ల పొయ్యిల మీదికి తొంగి చూడడమే నా పని. ఇంత తొంగి చూడడం అలవాటైనవాడు చెట్ల మీదికి చూడకుండా ఉంటాడా? పిట్టలు నాకు జీతం లేని రెండో ఉద్యోగం. మొదటిదానికన్నా దాన్నే శ్రద్ధగా చేశానని మా ఇంట్లో అభిప్రాయం.

మసక కన్ను

నా దుర్భిణి ఆదోని బజార్లో పాత సామాన్ల అంగట్లో కొన్నది. అమ్మినాయన "అస్లీ మాల్ సాబ్, మిలిటరీది" అన్నాడు. ఏ యుద్ధంలో దెబ్బ తినిందో గానీ ఎడమ కన్ను మసక. కుడి కంటికి పిట్ట కనిపిస్తే ఎడమ కంటికి పొగమంచు కనిపించేది. ఎండాకాలం ఆదోనిలో నిలబడి మంచు చూడగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

దుర్భిణి మెడలో వేసుకుని కాలువ గట్టున నిలబడడం ఎంత ప్రమాదమో మొదటి వారంలోనే తెలిసింది. నేను లకుముకి పిట్టను చూస్తున్నాను. దాని వెనక గుడ్డలుతుకుతున్న ఆడవాళ్లు నన్ను చూస్తున్నారు. వాళ్లలో ఒకావిడ బండ మీద బాదుతున్న దుప్పటి తడితడిగానే పైకెత్తుకుని నా వైపు నడిచి వచ్చింది. "పిట్టమ్మా, పిట్ట" అన్నాను. "ఎవర్రా నీకు పిట్ట?" అంది. ఆ తర్వాత నేను కాలువ దగ్గర ఎప్పుడు నిలబడ్డా నీళ్లకు వీపు పెట్టి నిలబడ్డాను.

మా ఆవిడది ఇంకో రకం ఫిర్యాదు. "పొయ్యి మీద పాలు పొంగిపోతాంటే కనపడదు. ఆడ యాడనో తుమ్మచెట్టు మీద పిట్ట కనపడతాది ఈయప్పకు."

తుగ్గలి దగ్గర జరిగింది మాత్రం పాఠమే. తొలకరి వానలు పడ్డాక అక్కడి చేలల్లో వజ్రాలు దొరుకుతాయని జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి నేల మీద కళ్లు పెట్టి తిరుగుతారు. నేను జ్వరాల సర్వేకు పోయి, చేను గట్టున నడుస్తుంటే తీతువు పిట్ట ఒకటి నెత్తి మీద తిరుగుతూ అరవసాగింది. దాని కూత అపశకునమంటారు. దానికి మాత్రం మనమే అపశకునం. అది నేల మీదే గుడ్లు పెడుతుంది, అచ్చం గులకరాళ్ల మాదిరి ఉంటాయి. వెతికితే కనిపించాయి. మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నాను. కాసేపటికి పక్కన ఎవరో కూర్చున్నారు.

"దొరికిందా అన్నా?"

"ఏమీ లేదప్పా."

తుగ్గలి చేలల్లో "ఏమీ లేదు" అనడం కన్నా పెద్ద తప్పు లేదు. దొరికినవాడు మాత్రమే ఆ మాట అంటాడు. అతను లేచి కేక వేయలేదు గానీ ఆ చేలో ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే నా చుట్టూ చేరారు. "రాయి చూపించన్నా", "కాకి బంగారం కాదు కదా" అంటున్నారు. ఇంకో అడుగు వేస్తే గుడ్లు చితికిపోతాయి. గుడ్లున్నాయని చెబితే నమ్మరు, వంగి చూస్తారు. చివరికి నేనే లేచి ఆ పక్క చేలోకి పోయి, ఏమీ లేని చోట కూర్చుని, మట్టిని ప్రాణం పెట్టి చూశాను. జనమంతా నా వెంట వచ్చేశారు. తీతువు అరుపు ఆపింది. నేను మెల్లగా ఆటో ఎక్కి వచ్చేశాను. వాళ్లు ఆ ఖాళీ నేలను ఎంతసేపు తవ్వారో తెలియదు.

సర్కారు మనిషి ఎక్కడ చూస్తే జనం అక్కడ చూస్తారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నాకు అవసరమొచ్చింది. గుర్తుపెట్టుకోవలసిన సమయానికి నేను మరిచిపోయాను, అది వేరే సంగతి.

"ఇంకా?"

నాకు దొరికిన ఆఫీసర్లలో ఎక్కువమంది, నేను తెచ్చిన జవాబు వినగానే తృప్తిపడేవాళ్లు. అట్లాంటివాళ్ల కింద పని సుఖంగా ఉంటుంది, నేర్చుకునేది మాత్రం ఏమీ ఉండదు. మా డాక్టరమ్మ అట్లాంటి మనిషి కాదు. కోడుమూరు వైపు ఆమె, సన్నగా, పొట్టిగా ఉండేది. గొంతు పెంచేది కాదు. మనం చెప్పిందంతా విని, అద్దాలు పైకి తోసుకుని, "ఇంకా?" అనేది. ఆ ఒక్క మాటకు నాకు బీపీ వచ్చింది. ఇప్పటికీ ఎవరైనా "ఇంకేంటి సార్ విశేషాలు" అంటే ఉలిక్కిపడతాను.

మీకు అట్లాంటి బాసు దొరికితే తిట్టుకోండి, తప్పు లేదు. కానీ బదిలీ అడగొద్దు.

ఉగ్గాని బండి

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఒక పెద్ద ఊరు. పేరు రాయను. ఆ ఊరిని ఎవరూ బేదుల ఊరుగా గుర్తుపెట్టుకోకూడదు. అక్కడ మగ్గాల వీధి మొదట్లో మేరమ్మ బండి ఉండేది. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మా వైపు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: బొరుగులు, అంటే మరమరాలు, నీళ్లలో నానేసి, గట్టిగా పిండి, తిరగమోతలో వేసి, పప్పుల పొడి చల్లితే ఉగ్గాని. బజ్జీ లేకుండా ఉగ్గాని తినేవాణ్ణి మేము అనుమానంగా చూస్తాం.

మేరమ్మకు భర్త లేడు. బడికి పోయే కూతురొకతి. ఊరి చివరి పేట నుంచి తోపుడు బండి తోసుకుని వచ్చేది. పేటవాళ్ల చేతి తిండి తినడం గిట్టనివాళ్లు ఆ వీధిలో ఉన్నారు. కానీ ఆమె తిరగమోత వాసన వాళ్ల పట్టింపు కన్నా గట్టిది. పిల్లల్ని పంపి తెప్పించుకుని ఇంట్లో తినేవాళ్లు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున మగ్గాల వీధి నుంచి వాంతులు, బేదులు అని కబురొచ్చింది. పోయి చూస్తే మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. మగ్గం కొయ్యలకే సెలైన్ సీసాలు కట్టి, కింద చాపల మీద మనుషుల్ని పడుకోబెట్టాం. డాక్టరమ్మ ఒక ఇంటి నుంచి ఒక ఇంటికి నడుస్తూనే ఉంది. ఎవరి ప్రాణమూ పోలేదంటే అది ఆమె కాళ్ల పుణ్యం.

నా పని కారణం కనిపెట్టడం. నీళ్ల ట్యాంకు దగ్గరికి పోయాను. అక్కడి కొళాయి నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేశాను. క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది, మంచి చామంతి పసుపు వచ్చింది. నీళ్లు బాగున్నాయన్నమాట. ఆ తర్వాత ప్రతి ఇంట్లో "ఏం తిన్నారు?" అని అడిగాను. ప్రతి ఇంట్లోనూ "మేరమ్మ ఉగ్గాని" అన్నారు.

ఉప్పొంగిపోయాను. పోయి డాక్టరమ్మకు చెప్పాను.

"ఇంకా?" అంది.

నేను ఆలోచించాను. పొద్దున్నుంచి నా మనసులో ఒక సంతోషం ఉబుకుతూ ఉంది. అదే బయటికొచ్చింది. "ఇంకా... వీధి చివర నీళ్ల వాల్వు బండ దగ్గర గుడ్డి కొంగ నిలబడి ఉంది మేడం. వీపంతా కాచిన బెల్లం రంగుకు మారిపోయింది. జతకట్టే కాలం గదా. ఇంత దగ్గర నుంచి ఆ రంగు నేనెప్పుడూ చూడలేదు."

డాక్టరమ్మ అద్దాలు తీసి తుడుచుకుంది. "పో, బండి సంగతి చూడు" అంది.

మేరమ్మ అప్పుడే నూనె దించుతోంది. నేను, పంచాయతీ మనుషులు పోయి బొరుగుల బస్తా మీద బ్లీచింగ్ పొడి పోశాం.

"ఏ నీళ్లలో నానేస్తావు?" అని అడిగాను.

"మా పేట బోరింగు నీళ్లు సారూ. మాకు పైపు యాడుంది? ఈ వీధి కాడికే ఆగిపోయినాది. బోరింగు నీళ్లే బిందెలతో తెచ్చుకుంటా."

"అదీ సంగతి" అన్నాను. సర్కారు పైపు నీళ్లు మంచివి, బోరింగు నీళ్లు అనుమానం. ఆ లెక్క నా రక్తంలో ఉంది.

"ఆ నీళ్లే నేనూ నా బిడ్డా తాగుతాం సారూ. ఈ ఉగ్గానే తింటాం. అది తిని ఇస్కూలుకు పోయినాది. మా పేటలో ఒక్కరికన్నా బేదులు వచ్చినాయేమో పోయి సూడండి."

పోలేదు. పేట ఎంత దూరమూ లేదు. చేతిలో జవాబు ఉన్నవాడికి నాలుగు అడుగులు కూడా దూరమే. పంచాయతీ ఆటోకు మైకు కట్టి, మేరమ్మ బండి తిండి ఎవరూ తినరాదని వీధి వీధికీ చెప్పించాం. చెప్పింది నా గొంతే. బాగా వచ్చిందని కూడా అనుకున్నాను.

కొంగకూ బేదులా?

బండి మూసినాక కూడా కొత్తవాళ్లు పడిపోతూనే ఉన్నారు. డాక్టరమ్మ నన్ను చూసి ఏమీ అనలేదు. "ఇంకా?" అని అనకపోవడం అన్నదానికన్నా భయంగా ఉంటుందని అప్పుడు తెలిసింది.

మర్నాడు తెల్లారి వీధిలోకి పోయేసరికి కొంగ అక్కడే ఉంది. వాల్వు బండ పక్కన, మురుగు కాలువ అంచున. నా కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. మనుషుల కోసం వచ్చినవాణ్ణి, మోకాళ్ల మీద కూర్చుని దుర్భిణి ఎత్తాను. గుడ్డి కొంగను దగ్గరికి పోయినా కదలదు కాబట్టే గుడ్డిదంటారు. నిజానికి అది చూసే చూపు ఇంకెవరూ చూడరు. మెడ సాగింది, ముక్కు బండ కిందికి పోయింది, పైకొచ్చేసరికి ముక్కులో ఏదో తన్నుకుంటోంది.

సరిగ్గా అప్పుడే వెనక జీపు ఆగింది.

"ఏమప్పా," అంది డాక్టరమ్మ, గొంతు పెంచకుండానే. "ఊరంతా చాపల మీద పడుకోనుంటే నువ్వు పిట్టలు చూస్తాండావా?"

"మేడం, కొంగ..."

"కొంగకేమైంది? దానికీ బేదులా?"

"కప్పను పట్టింది మేడం."

ఆమె జీపు దిగి నా పక్కకు వచ్చింది. నేను దుర్భిణి దించాను. ఇద్దరమూ ఆ వీధిని చూశాం. ఎండకు నేల పెంకుల్లా పగిలి ఉంది. మురుగు కాలువలో పైన బురద గట్టిపడి ఉంది. ఊరి చెరువే ఎండిపోయి పిల్లలు అందులో క్రికెట్ ఆడుకుంటున్న కాలం.

"ఈ వీధిలో కప్ప యాడిది?" అంది ఆమె.

నేను ఎన్ని ఏళ్లుగా కొంగలు చూస్తున్నానో చెబితే నాకే సిగ్గు. వీపు రంగు చూశాను, ముక్కు పొడవు చూశాను. కాళ్ల కింద ఏముందో చూడలేదు. నీళ్లు లేని చోట కొంగకు పనేమిటని మా వీధి పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు.

నీళ్లు వదిలే బసప్పను పిలిపించాం. సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు, ఎక్కి రాలేదు. "పైపు బాగుండాది మేడం, నిన్ననే చూసినా" అన్నాడు. "బండ ఎత్తు" అంది డాక్టరమ్మ. గడ్డపార వేసి ఎత్తాడు. లోపల వాల్వు గుంత నిండా నల్లటి నీళ్లు, నాలుగు కప్పలు, వాటి మధ్యలో పైపు. పైపు అతుకుకు నల్లగా ఏదో చుట్టి ఉంది.

"అదేంది బసప్పా?"

బసప్ప తల గోక్కున్నాడు. "అతుకు వదిలిపోయినాది సారూ. కొత్త సామాను అడిగితే రాల్యా. అందుకని ట్యూబు కట్టినా."

"ఏ ట్యూబు?"

వాడు తన సైకిలు వైపు చూశాడు. వెనక చక్రం నేలకు అంటుకుని ఉంది. ఊరి నీళ్లు ఆపడానికి సొంత సైకిలు ట్యూబు కోసిచ్చినవాణ్ణి తిట్టాలో మెచ్చుకోవాలో డాక్టరమ్మకు కూడా తోచలేదు.

సంగతి ఇంత. రోజు మార్చి రోజు నీళ్లు వదిలినప్పుడు అతుకులోంచి కారి గుంత నిండుతుంది. నీళ్లు ఆపగానే, గుంతలో మురుగుతో కలిసినదంతా అదే సందులోంచి పైపులోకి పోతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మగ్గాల వీధి దాన్నే తాగుతుంది. వీధి కొళాయి నీళ్లకు రెండు చుక్కల మందు వేశాను, పసుపు కాదు గదా పసుపు నీడ కూడా రాలేదు. నేను ట్యాంకు దగ్గర పరీక్ష చేసి ఊరంతటికీ సర్టిఫికెట్ ఇచ్చాను. పెండ్లికొడుకును చూసి ఊరేగింపంతా ఆరోగ్యంగా ఉందన్నట్టు.

"ఏం తిన్నారు" అని అడిగితే జనం చెబుతారు. నీళ్లు తాగామని ఎవరూ చెప్పరు, అందరూ తాగేదే గదా. ముందు "ఏం తాగారు, యాడివి తాగారు" అని అడగండి. ఈ ఒక్క వాక్యం కోసం పైదంతా చదివించాను.

మైకు, కాగితం

అతుకు మార్చారు, గుంత కడిగారు, పైపంతా క్లోరిన్ నీళ్లతో నింపి వదిలారు. చాపలు ఖాళీ అయ్యాయి. మగ్గాలు మళ్లీ టకటకమన్నాయి. బండి పెట్టుకోవచ్చని డాక్టరమ్మ సంతకంతో కాగితం ఇచ్చింది. నేనే పోయి మేరమ్మకు ఇచ్చాను. నా మట్టుకు కథ ముగిసింది.

వారం తిరక్కుండా అటు పోతే, బండి పెట్టుకుని మేరమ్మ ఒక్కతే నిలబడి ఉంది. బాండలిలో నూనె కాగుతోంది, తినేవాళ్లు లేరు. బండి ముందు ఆ కాగితం అతికించుకుంది.

"ఎవరూ రాలేదా?"

"కాగితం ఈగలు సదువుతాండాయి సారూ."

ఆమె గరిటె పక్కన పెట్టింది. "మైకులో మూసినారు, కాగితంలో తెరిచినారు. మైకు అందరూ విన్న్యారు. కాగితం ఎవరు సూస్తారు? ఇట్లయితే ఈ నెలాఖరుకు సుగ్గికి పోతాం. బిడ్డను ఇస్కూలు మాన్పిచ్చి తోడుకోని పోవాల. ఒక్కదాన్నే పెట్టి యాడికి పోయేది?"

సుగ్గి అంటే మా వైపు వలస కూలి. మూట కట్టుకుని, తాళం వేసి, పని ఉన్న చోటికల్లా పోవడం. అట్లా పోయిన పిల్లలు మళ్లీ అదే తరగతిలో కూర్చోవడం నేను చాలా తక్కువ చూశాను. నాకు ఒళ్లంతా సిగ్గేసింది.

మళ్లీ మైకు కట్టించాను. అదే ఆటో, అదే గొంతు. జనం విన్నారు, తలలూపారు, ఇంటికి పోయి ఉప్మా చేసుకున్నారు. భయం మైకుతో పోయేది కాదు. కొందరికి ఇది భయం కూడా కాదు, వెతుక్కుంటున్న సాకు. మాట పైకి అనరు గానీ, "ముందే అనుకున్నాం" అన్న ముఖాలు పెట్టారు.

అప్పుడు మేరమ్మే అంది. "మీరు తినండి సారూ. ఈడనే నిలబడి, అందరూ సూసేటట్ల."

అప్పుడు తుగ్గలి చేను గుర్తొచ్చింది. నేను చూసిన చోట జనం చూస్తారు. బండి నుంచి జనాన్ని మళ్లించింది నేనే, ఇప్పుడు నా నోటితోనే మళ్లీ అటు తిప్పాలి. కోళ్ల జబ్బు పుకార్లప్పుడు పెద్దవాళ్లు వేదికెక్కి కోడికూర తిని చూపించడం నేనూ చూశాను. ఇదెంత పని అనుకున్నాను.

కడుపు కథ

ఒక్క చిక్కు ఉంది. నాకు కారం పడదు. మా ఆవిడ నాకు పెరుగన్నంలో ఆవకాయ కూడా కడిగి పెడుతుంది. మా వైపు పుట్టి మిరపకాయ తినలేనివాణ్ణని బయట చెప్పుకోను.

మగ్గాల వీధి పనిలోకి దిగే వేళకు రోజూ బండి దగ్గర నిలబడ్డాను. పళ్లెం ఎత్తుగా పట్టుకుని, "అబ్బ, ఏముందమ్మా మేరమ్మా" అని గట్టిగా అంటూ, ఉగ్గాని మధ్యమధ్యలో బజ్జీ కొరికేవాణ్ణి. కళ్లలో నీళ్లొస్తుంటే ఎండను తిట్టేవాణ్ణి. జనం గడపల్లోంచి నన్ను చూసేవాళ్లు. వాళ్లు నా ముఖం చూడ్డంలేదు, నా పొట్ట చూస్తున్నారు. ఈ సారు ఎప్పుడు పరిగెత్తుతాడా అని.

నాలుగు రోజులు గడిచేసరికి నా కడుపు ఎదురుతిరిగింది. ఇందులో మేరమ్మ తప్పు రవ్వంత లేదు, నీళ్ల తప్పు లేదు. బజ్జీల మీద బజ్జీలు పడితే ఎవరికైనా అంతే. కానీ ఆ సంగతి ఊరికి ఎట్లా చెప్పాలి? బండి దగ్గర తిన్న హెల్త్ సూపర్‌వైజరు చెంబు పట్టుకుని పోతున్నాడని ఒక్కరు చూసినా చాలు, మేరమ్మ ఆ సాయంత్రమే సుగ్గికి మూట కట్టుకోవలసిందే. ఆ వీధిలో ఎవరి మరుగుదొడ్డి అడిగినా అదే గతి.

పళ్లెం దించాను. నుదుట చెమటలు. నవ్వుతూనే దుర్భిణి మెడలో వేసుకున్నాను. నీళ్ల సీసా సంచిలో పెట్టుకున్నాను.

"యాడికి సారూ?" అన్నాడు గడపలో కూర్చున్న ఒకాయన.

"పిట్టలు చూసేకి పోతాండానప్పా" అన్నాను, నిదానంగా నడుస్తూ. ఆ నిదానం నా జీవితంలో చేసిన అన్నింటికన్నా కష్టమైన పని. వీధి మలుపు తిరిగాక పరుగు.

ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టుకోమని, ఆరుబయటికి పోవద్దని ఆ ఊళ్లోనే గొంతు చించుకున్నవాణ్ణి, సర్కారు తుమ్మ కంపల వెనక కూర్చున్నాను. మెడలో దుర్భిణి. అప్పుడు, ఎదురుగా బీడు నేలలో, పొడుగు కాళ్లు, తెల్లటి మెడ, నెత్తిన నల్ల టోపీ, మనిషి నడుము ఎత్తు పిట్ట ఒకటి దర్జాగా నడుచుకుంటూ పోయింది. బట్టమేక పిట్ట. దాన్ని చూడాలని చిన్నప్పటి నుంచి ఈ జిల్లా అంతా తిరిగాను. అదేనా, కడుపునొప్పికి కళ్లు తిరిగి ఏ నెమలిని చూశానో ప్రమాణం చేయలేను. పిట్టల మీద ఆసక్తి ఉన్నవాళ్లెవరికీ ఇప్పటిదాకా చెప్పలేదు. చెబితే ముందు "ఎక్కడ చూశారు, అక్కడేం చేస్తున్నారు" అని అడుగుతారు.

అట్లా "పిట్టలు చూడ్డానికి" ఇంకో రెండు రోజులు పోయాను. ఊళ్లో మాత్రం సారు రోజూ తిని, గుండ్రాయిలా ఉన్నాడని మాట పాకింది. మొదట ఒక ముసలాయన వచ్చాడు. తర్వాత పిల్లలు గిన్నెలతో వచ్చారు. ఇంకో వారానికి బండి చుట్టూ నిలబడడానికి చోటు లేదు. "కొంచెం జరగండి సారూ, పనికి పొద్దుపోతాది" అని నన్ను మోచేత్తో నెట్టారు. నెట్టించుకుని నేను ఇంత ఆనందపడింది ఎప్పుడూ లేదు.

ఆ రోజు తప్పించుకుపోదామనుకుంటుంటే మేరమ్మ పిలిచి పళ్లెం చేతిలో పెట్టింది. ఉగ్గాని, రెండు బజ్జీలు. దేవుడా అనుకుని కళ్లు మూసుకుని కొరికాను. మంట లేదు. మెత్తగా ఉంది. విరిచి చూశాను. మిరపకాయ మాదిరే పొడుగ్గా కోసి పిండిలో ముంచిన ఉర్లగడ్డ ముక్క, అదే బంగాళాదుంప.

మేరమ్మ బాండలిలోకే చూస్తూ, పక్కవాళ్లకు వినపడకుండా అంది. "తినండి సారూ. మొన్ననే సూసినా, పిట్టల కాడికి పోయేవాళ్లు నీళ్ల సీసా యాల తీస్కపోతారు?"

ఇన్నేళ్లలో నాకు కప్పిన శాలువాలన్నీ కలిపినా ఆ బజ్జీకి సాటి రావు.

ఇప్పుడు ఎమ్మిగనూరు పోయే పని పడితే ఆ ఊళ్లో బస్సు దిగుతాను. ముందు మగ్గాల వీధి చివరికి పోయి వాల్వు బండ దగ్గర నిలబడతాను. చుట్టూ నేల పొడిగా ఉంటుంది. కొంగ ఉండదు. పిట్టలు చూడ్డానికి పోయి, పిట్ట లేనందుకు సంతోషంగా తిరిగొచ్చేవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. తర్వాత బండి దగ్గరికి నడుస్తాను. మేరమ్మ కూతురు ఎమ్మిగనూరులో కాలేజీకి పోతోంది. సెలవు రోజుల్లో పళ్లేలు తనే అందిస్తుంది.

నన్ను చూడగానే మేరమ్మ ఉర్లగడ్డ కోయడం మొదలుపెడుతుంది. అయినా ప్రతిసారీ ముందు ఒకే మాట అడుగుతుంది.

"పోయి వచ్చినారా సారూ?"

"వచ్చినా."

"కొంగ?"

"లేదు మేరమ్మా."

"లేదు గదా. అయితే తినండి."